యంత్రతిలకము

మేఘములు తమ నల్లని బరువునెల్ల కురిసి తేలికపడి ఏకిన దూదివలె ఆకసమున నిలుకడలేక తిరుగుచుండ పాండవులమెట్ట చరియలపై తడియారిన గడ్డివెన్నులు తెల్లగా తలలూపుచుండ విజయదశమి మరునాటి సూర్యుడు పెద్దాపురపు పెంకుటిండ్లను మిద్దెలను పక్షపాతము లేక పలుకరించుచు మెల్లమెల్లగా పైకెక్కుచుండెను. ఆ యుదయమున ఆ పట్టణమున బొట్టు లేని యినుము లేదు. లారీల ముక్కులకు పసుపును సైకిలు గంటలకు కుంకుమమును కుట్టుమిషనుల చక్రములకు బంతిపూల దండలును బియ్యపుమిల్లు మోటారునకు మామిడాకుల తోరణమును అలంకారములై వెలుగ కమ్మరి సుత్తె మొదలు మంగలి కత్తెర దాక ఏడాది పొడవున మనుష్యులకు ఊడిగము చేసిన పనిముట్లన్నియు ఒక దినము పీటలపై గూర్చుండి పూజలందుకొని మరల పనిలోనికి దిగుటకు సంసిద్ధములై యుండెను.

ప్రధానవీధిలో మందుల దుకాణ మొక్కటి దక్క తక్కిన యంగళ్లన్నియు తలుపులు మూసికొని పండుగ బడలిక దీర్చుకొనుచుండ వీరభద్ర జిరాక్సు యజమానుడైన గవర్రాజు మాత్రము ఎనిమిది గంటలకే రేకుతలుపు పైకెత్తి హైమావతి రాకకై యెదురుచూచుచుండెను. గవర్రాజు ముప్పదియారేండ్లవాడు. పొట్టివాడు బొద్దువాడు నవ్వుమొగమువాడు. ఎట్టి యంత్రమైనను ప్రక్కన నొక చరుపు చరచినచో బుద్ధి తెచ్చుకొనునని మనసార నమ్మినవాడు. వాని వలన నగరములనుండి వచ్చిన యంత్రములు సయితము కొంత క్రమశిక్షణ నేర్చుకొనిన వనుట యబద్ధము గాదు.

హైమావతి యేబదియేండ్ల గృహిణి. ఆమె యౌవనమున కాకినాడ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొనెను. ఆ చదువు ఉద్యోగమునకు బోక వంటయింటిలో స్థిరపడి పప్పు ఉడుకుటలోను పాలు పొంగుటలోను ముగ్గుచుక్కల వరుసలోను తన ప్రయోగశాలను తెఱచికొనెను. పరుల యింట గోడమీది పటము వ్రేలెడు వంకరగా నున్నను ఆమె మాట తడబడును. ఆ యింటి ఇల్లాలు కాఫీకై లోనికి బోగానే లేచి దానిని సరిచేసి వచ్చి కూర్చుండిన గాని ఆమె సంభాషణ సాఫీగా సాగదు.

ఆనాడామె చేతిసంచిలో నున్నది ఎనిమిది నెలల శ్రమ. ఆ పట్టణపు ప్రభుత్వాసుపత్రి కాన్పులగదిలో ముప్పదియారు సంవత్సరములు నర్సుగా నుండిన మార్తమ్మ ఆ నెలతో ఉద్యోగవిరమణము చేయుచుండెను. ఆమె చేతిమీదుగా లోకమును జూచిన శిశువులు వేయిన్నూట యెనుబదినలుగురు. మార్తమ్మ దాచుకొనిన అట్టపుస్తకములలో ఫలానావారి మగబిడ్డ ఫలానావారి యాడబిడ్డ యని మాత్రమే వ్రాయబడి యుండిన ఆ శిశువులకు తల్లిదండ్రులు పిదప పెట్టుకొనిన పేర్లను వీధివీధి దిరిగి గడపగడప నడిగి హైమావతి యొక్కచోట జేర్చినది. ముందు మార్తమ్మ ఛాయాచిత్రముతో నొక ముఖపత్రము. పిదప ఇరువదియైదు పుటల నిండ పేర్లు. సాయంకాల మయిదు గంటలకు బాలికల పాఠశాల సావడిలో సన్మానసభ. వీధికొక్కటి చొప్పున నలువది ప్రతులు పంచవలెననియు తల్లులెల్ల వచ్చి తమ బిడ్డల పేర్లను వ్రేలితో వెదకి చదువుకొందురనియు ఏర్పాటు. మొదటి పుటలో మొదటి పేరు గవర్రాజుదే. మార్తమ్మ కొలువున జేరిన దినమున ఆమె చేతులలో పడిన తొలిబిడ్డ వాడు.

యంత్రము గుఱ్ఱుపెట్టి మేల్కొని వెచ్చని కాగితముల నొక్కటొక్కటిగా వెలువరించెను. మొదటి ప్రతి పూర్తియగుసరికి హైమావతి కనుబొమలు ముడివడెను. ముఖపత్రముపై మార్తమ్మ నుదుట సరిగా కనుబొమల నడుమ కందిగింజంత నల్లనిమచ్చ. తరువాతి పుటలో గవర్రాజు పేరుమీద నొక మచ్చ. దానికి దిగువన సత్యవేణి యను నామె పేరుమీద నొకటి. ఇంకను దిగువన లోవలక్ష్మి మీద నొకటి. ఆపై ప్రతి పుటయందును మూడో నాలుగో మచ్చలు.

"ఇదేంటి గవర్రాజూ?"

"ఈగ వాలిందేమోనండి."

"ఈగయితే ఎగిరిపోవాలి కదా. ఇరవై ఆరు కాగితాల్లోనూ కూర్చుందా?"

గవర్రాజు ముఖపత్రమును చేత బుచ్చుకొని చూచి నవ్వాపుకొనలేక ప్రక్కకు దిరిగెను. కారణము లేకపోలేదు. క్రైస్తవురాలగు మార్తమ్మ బొట్టు పెట్టుకొనదు. గవర్రాజు తల్లి సూరాయమ్మ ఏటేట శ్రావణమాసపు పేరంటమున కుంకుమభరిణ పట్టుకొని ఆమె యెదుట నిలుచుటయు ఆమె నవ్వి తల యడ్డముగ నూపి పూలును శనగలును మాత్రము కొంగున బట్టుకొని పోవుటయు ఆ వీధివారెల్ల నెఱిగిన వేడుకయే. హైమావతి పెదవులు సయితము కొంచెము కదలెను. కాని నుదుటి మచ్చకు నవ్వవచ్చును గాని పేరుమీది మచ్చకు ఏ తల్లియు నవ్వదు. పుటకు నాలుగు చొప్పున నూరుగురు బిడ్డల పేర్లు మసిబారినచో ఆ సాయంకాలము నూరుగురు తల్లుల వ్రేళ్లు ఆ మచ్చలకడ నాగిపోవును. శుభమని పిలిచి చేతికిచ్చిన పుస్తకమున తన బిడ్డయే మచ్చపడుట యేమని ఏ తల్లి యైనను ఇంటికి బోవుదాక దిగులుపడును. ముప్పదియారేండ్లు ఆ చేతులు చేసిన పనికి కడపట లభించు గౌరవ మదియా యని హైమావతి మనసు చివుక్కుమనెను. గోడగడియారము తొమ్మిది చూపుచుండెను.

గవర్రాజు తన యస్త్రముల నొక్కటొక్కటిగా దీసెను. యంత్రము నార్పి వెలిగించెను. తీగ నూడదీసి మరల గ్రుచ్చెను. పైనున్న అద్దమును తుడిచెను. నల్లనిపొడి నింపిన కార్ట్రిడ్జి యను పెట్టెను వెలికిదీసి చాటలో బియ్యము చెఱిగినట్లు ఇటునటు నూపి లోన బెట్టెను. మచ్చలు చెక్కుచెదరలేదు.

"కాగితం చెమ్మెక్కిందండి మేడమ్ గారూ. మొన్నటి వానలకి రిమ్ము మెత్తబడిపోయిందండి."

"చెమ్మెక్కితే అక్షరం వెలిసిపోతుంది, అలుక్కుపోతుంది. ఇలా గుండ్రంగా చుక్క పెట్టదు. కొత్త రిమ్ము విప్పి చూడు, నీ తృప్తి కోసం."

క్రొత్త కాగితములపైనను క్రొత్త మచ్చలు పడెను. అంతట గవర్రాజు తుది యస్త్రమునకు సిద్ధపడి కుడిచేయి పైకెత్తి యంత్రము వీపువైపు నడచెను.

"ఆగు," అని హైమావతి శాంతముగ ననెను. "నువ్వు పుట్టగానే ఏడవలేదట. మార్తమ్మగారు వీపు మీద ఒక్కటి చరిచారట. అది నీకు పనిచేసిందని ప్రతిదానికీ పనిచెయ్యదు."

గవర్రాజు చేయి దించుకొనెను. వాడు కాకినాడలోని మరమ్మతువానికి టెలిఫోను చేయగా ఆతడు ఎవరి యింటనో విందు భుజించుచు నమలుచునే తీర్పు చెప్పెను.

"లోపల డ్రమ్ము అని ఉంటుంది చూడండి, అది గీసుకుపోయి ఉంటుంది. గీత పడితే మార్చటమే. కొత్తది రావాలంటే ఎల్లుండి, ఇప్పుడందరూ పండగలో ఉన్నారు. మీరు మాత్రం దాన్ని గోటితో గీకకండి, ఎండ తగలనివ్వకండి."

ఎల్లుండి యను మాట విని గవర్రాజు కుర్చీలో గూలబడెను. హైమావతి గూలబడలేదు. ఆమె మచ్చలుపడిన పుటలను బల్లపై బరచి చేతులు కట్టుకొని చూచుచు నిలుచుండెను. అన్నము మాడినపుడు కుండను దిట్టక మంటను జూచుట ఆమె యలవాటు. చూడగా చూడగా ఆమెకు రెండు సంగతులు గోచరించెను. మచ్చలన్నియు కాగితపు కుడియంచునకు సమదూరమున నొక్క వరుసలో నున్నవి. అంతియ గాదు. మచ్చకును మచ్చకును నడుమనున్న యెడము ఎచటను పెరుగుట లేదు తరుగుట లేదు.

అపుడామెకు తన యింటి ముంగిలి జ్ఞప్తికి వచ్చెను. తీరిక లేని యుదయముల నామె ముగ్గుగొట్టము దొర్లించును. అది ఒడలెల్ల పువ్వుల యాకారమున బెజ్జములు గల రేకుగొట్టము. లోన ముగ్గుపిండి పోసి గడప వెంట దొర్లించినచో తిరిగిన కొలది పువ్వు వెంబడి పువ్వు రాలును. మొన్నటి వానకు దాని బెజ్జ మొక్కటి పూడుకొనిపోగా ఆనాటి నుండి గడపయందలి ప్రతి పువ్వునకు నొక రేకు తక్కువ పడుచున్నది. ప్రతి తిరుగుడునకు అదే చోట అదే లోపము.

"గవర్రాజూ, దీని లోపల తిరిగేవి ఎన్ని ఉంటాయి?"

"తిరిగేవా అండి? డ్రమ్ము తిరుగుద్ది, దానికింద నల్ల రబ్బరు రోలరు తిరుగుద్ది, వెనకాల వేడిది ఇంకోటి తిరుగుద్ది. అన్నీ తిరుగుతాయండి, నా బుర్రతో సహా."

"అయితే వాటిల్లో ఒకదాని ఒంటి మీద ఏదో ఉంది. అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక ముద్ర వేస్తోంది. ఏదో కనుక్కుందాం. నువ్వు ఆ రేకుతలుపు సగం దించు, ఎండ పడకూడదన్నాడు."

ఆమె సంచినుండి రవికెల కొలతలకై యుంచుకొనిన టేపును దీసి మచ్చనుండి మచ్చకు గొలిచెను. ఏడున్నర సెంటీమీటర్లు. మఱియొక పుటను గొలిచెను. ఏడున్నర. మూడవదానిని గొలిచెను. అదియు నంతే. పిదప యంత్రము నార్పి చల్లారనిచ్చి కుట్టుదారమును రబ్బరు రోలరు చుట్టు నొకసారి చుట్టి విప్పి టేపుపై బెట్టగా నాలుగున్నరకు మించలేదు. వెనుకనున్న వేడిరోలరు ఆరునకు చేరలేదు. కడపట కార్ట్రిడ్జిని వెలికిదీయించి దాని డ్రమ్ముకొసను అచ్చుపడని యంచున పువ్వును దాకినంత సుకుమారముగ దారము చుట్టి విప్పి కొలువగా సరిగా ఏడున్నర.

"దొరికింది. డ్రమ్మే."

"కాకినాడ ఆయన అదే చెప్పాడు గదండీ."

"ఆయన అన్నం తింటూ చెప్పాడు. మనం కొలిచి చెప్పుకున్నాం."

ఐనను చిక్కు పూర్తిగ వీడలేదు. డ్రమ్ము ఆకుపచ్చని నునుపుగల గొట్టము. దాని మీద కొసకు జేరువగ కందిగింజంత నల్లని మరక పొడిమసి నంటించుకొని యున్నది. అది గాయమో మరకయో ఆ మసకవెలుతురున దెలియరాలేదు. గాయమైనచో ఎల్లుండి దాక చేయగలది లేదు. మరకయైనచో తుడువవచ్చును. గవర్రాజు గోటితో గీకి చూచెదనని ముందుకు వంగగా హైమావతి టేపుతో వాని చేతిపై నొక దెబ్బ వేసెను.

సరిగా ఆ సమయమున దుకాణము వెనుకనున్న ఇంటినుండి సూరాయమ్మ ప్రవేశించెను. డెబ్బదియేండ్ల వయసు, ఎఱ్ఱని చీర, పసుపు రాసిన పాదములు, ఒక చేత నిమ్మకాయ, ఒక చేత కుంకుమభరిణ.

"నేను చెప్తూనే ఉన్నాను, దిష్టి కొట్టిందిరా. నిన్న పూజకొచ్చిన వాళ్ళందరూ మన మిషన్నే చూశారు. జరగండి, బొట్టు ఆరిపోయుంటుంది, మళ్ళీ పెడతాను."

ఆమె చూపుడువ్రేలిని కుంకుమమున ముంచి కార్ట్రిడ్జి వైపు సాచెను. హైమావతి ఆ వ్రేలికొనను జూచెను. డ్రమ్ముపై మరకను జూచెను. రెండును కందిగింజంతయే.

"పిన్నిగారూ, ఏ బొట్టు?"

"నిన్న పెట్టిందేనమ్మా. ముందు గంధం, దాని మీద కుంకం."

"ఎక్కడ పెట్టారు?"

"పైనంతా నల్లడొక్కే కదా, నల్లదాని మీద ఏం కనబడుతుంది? నిన్న వీడు ఈ పెట్టెని మిషన్లోంచి తీసి పీట మీద పెట్టినప్పుడు దీని చిన్న తలుపు ఊగుతుంటే జరిపి చూశాను. లోపల ఆకుపచ్చగా, అమ్మోరి గాజులాగా నిగనిగలాడుతోంది. మూలవిరాట్టు అదేనని ఆ మాత్రం తెలీదా నాకు? అక్కడే పెట్టాను."

గవర్రాజు మొగము మొదట తెల్లబోయి పిదప ఎఱ్ఱబారెను.

"అమ్మా, నీకు పెట్టడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

సూరాయమ్మ బల్లపై పఱచిన పుటలను జూచెను. చదువు రాకున్నను ఏ మచ్చ యేపాటిదో ఆమెకు దెలియును. భరిణ మూత టక్కున మూతపడెను.

"ఇంతమంది పిల్లల పేర్ల మీద నేనేనా అమ్మా మసి పూసింది?"

"పూయలేదు పిన్నిగారూ. మీరు బొట్టే పెట్టారు. మిషనుకి ఆ రెండింటికీ తేడా తెలీదు, అంతే. మీరు చాలా మంచి కబురు చెప్పారు."

"మంచి కబురేంటమ్మా?"

"గాయమయితే మందు లేదు. గంధమయితే తుడవచ్చు. ఇందాకట్నుంచీ అది ఏదో తెలియకే మా తిప్పలు. ఇప్పుడు నాకు మెత్తటి గుడ్డ కావాలి. ఉతికి ఉతికి దూదయిపోయింది కావాలి. పుట్టిన బిడ్డని తుడుస్తారే, అలాంటిది."

సూరాయమ్మ తల పైకెత్తెను. అట్టి గుడ్డ యేది యెచట నుండునో ఆ వీధిలో ఆమె కంటె నెఱిగినవారు లేరు. ప్రతి కాన్పునకు మార్తమ్మ ముందుగ నడుగునది పాత పంచెముక్కయే. సూరాయమ్మ పెనిమిటి పంచెలు ఎందఱో శిశువుల తొలివస్త్రములైనవి. ఆమె నడుమునొప్పి మఱచి లోనికి బోయి పెట్టె యడుగునుండి వెన్నవంటి పంచెముక్కను దెచ్చెను.

డ్రమ్మునకు వెలుతురు పనికిరాదు గనుక కాగితములు దాచు వెనుకగదిని పుట్టింటి పురిటిగది వలె సిద్ధపఱచిరి. కిటికీకి నల్లని దుప్పటి కట్టిరి. తలుపు దగ్గఱగ వేసిరి. గవర్రాజు బరువుచేతులకు లోన బ్రవేశము లేదని హైమావతి శాసించుటచే వాడు వెలుపల నిలిచి తొలికాన్పు తండ్రివలె గుమ్మమునుండి రోడ్డునకు రోడ్డునుండి గుమ్మమునకు తచ్చాడుచుండెను.

లోన తలుపుసందున వచ్చు దారమంత వెలుతురున సూరాయమ్మ నేలపై గూర్చుండి కార్ట్రిడ్జిని ఒడిలో బెట్టుకొనెను. నీరు తగులరాదు. గోరు తగులరాదు. రాపిడి యంతకంటె గూడదు. హైమావతి చెప్పిన చొప్పున ఆ వృద్ధురాలు మరకపై మెల్లగ నోటియావిరి విడిచి పంచెముక్కతో నొక్క దిక్కునకే తుడిచి డ్రమ్మును దాని కొసనున్న పళ్లచక్రముతో కొంచెము ద్రిప్పి మరల నావిరి విడిచి మరల తుడిచెను. ఎండిన గంధము పొరలు పొరలుగ మెత్తబడి గుడ్డకు ఎఱ్ఱని జీర యంటెను. ఆ జీరను జూచినపుడు హైమావతి కన్నులలో పరీక్షలో ప్రథమస్థానము వచ్చిన బాలిక మెఱసెను.

"ఏమయిందండీ?" అని వెలుపలినుండి కంఠము.

"ఉండరా, తొందరపడితే బిడ్డ పుడుతుందా?" అని లోపలినుండి సూరాయమ్మ.

అరగంటకు డ్రమ్ము మరల అమ్మవారి గాజువలె నిగనిగలాడెను. దానిపై నొక గీతయు లేదు. ఆ చిన్నతలుపునకు ఊడిన స్ప్రింగును గవర్రాజు సరిచేసి మూసెను. యంత్రము వెలిగెను. మొదటి కాగితముపై మచ్చలు పొగమరకలవలె సన్నగ నుండెను. గవర్రాజు మొగము వ్రాలెను. రెండవదానిపై అవి ఎవరో చెప్పిన గాని కనబడవు. మూడవది నిర్మలము. గవర్రాజు ఎగిరి గంతు వేయబోగా హైమావతి చేయి యడ్డుపెట్టి కిటికీకడకు బోయి చదువుకొను కన్నద్దములు దగిలించుకొని నాలుగవదానిని అయిదవదానిని ఆఱవదానిని పంక్తిపంక్తిగ పరికించి టేపు చుట్టచుట్టి సంచిలో వేసికొనెను. అదియే ఆమె సమ్మతిపత్రము.

"ఇక కొట్టు."

గవర్రాజు పొరబడి యంత్రమును చరచెను. పిదప నాలుక గఱచుకొని మీట నొక్కెను. మూడుగంటల వేళకు నలువది ప్రతులును వెచ్చవెచ్చగ బల్లపై బేర్చబడెను. మచ్చలు పడిన మొదటి ప్రతిని చెత్తబుట్టలో వేయుటకు గవర్రాజు చేయి సాచునప్పటికి అది బల్లపై లేదు.

సాయంకాలము సావడి నిండిపోయెను. చంకబిడ్డల నెత్తుకొనిన తల్లులును ఆ తల్లులనే యొకనాడు ఎత్తుకొనిన అవ్వలును బల్లలు చాలక గోడలకు జేరగిలి నిలుచుండిరి. పుస్తకములు చేతులు మారుచుండెను. సత్యవేణి తల్లి తన కూతురి పేరును వ్రేలితో నద్ది ఆ వ్రేలిని కన్నుల కద్దుకొనెను. లోవలక్ష్మి తానే వచ్చి తన పేరును తన బిడ్డకు జూపెను. వేదికపై తెల్లచీరతో పొట్టిగ బక్కగ నిలుచుండిన మార్తమ్మ చెప్పినది రెండే మాటలు.

"నేను చేసిందేముంది. మీ అమ్మలు కన్నారు, నేను కింద పడకుండా పట్టుకున్నాను."

సభ ముగిసి జనము పలుచబడినపుడు మార్తమ్మ వెనుకబల్లపై ముడుచుకొని కూర్చుండిన సూరాయమ్మకడకు వచ్చెను.

"కొంగు కింద దాస్తున్నావేంటి వదినా, పులిహోరా?"

"ఏం లేదు నర్సమ్మా. పాడైపోయిన పుస్తకం. నా చేతి తప్పు నా దగ్గరే ఉండాలని తెచ్చుకున్నాను."

మార్తమ్మ చేయి సాచి దానిని లాగికొనెను. ముఖపత్రముపై తన బొమ్మను జూచెను. ఆ నుదుటిపై చుక్కను జూచెను. సూరాయమ్మ తల వంచుకొని జరిగినదెల్ల జెప్పెను. వినుచున్న కొలది మార్తమ్మ భుజములు కదలసాగెను. మొదట అవి దుఃఖమున గదలుచున్నవని గవర్రాజు భయపడెను. కాదు.

"ముప్పై ఆరేళ్ళు భరిణ పట్టుకుని నా వెనక తిరిగావు. ఆఖరికి మిషను చేత పెట్టించావా వదినా?"

"నేను దానికి పెట్టాను. అది నీకు పెట్టింది. నాకేం తెలుసు?"

"నీ కొడుక్కీ పెట్టావే, మొదటి పేరుకే." మార్తమ్మ పుటలు ద్రిప్పుచు మచ్చమచ్చకడ నాగి ఆ పేరును తన పెదవులతో జదువుకొనెను. "ఇది నాకిచ్చెయ్యి. బాగున్నది నువ్వు తీసుకో."

"దాన్నిండా మచ్చలు నర్సమ్మా."

"మచ్చలేంటి, దిష్టిచుక్కలు కావూ? పుట్టిన ప్రతి బిడ్డకీ మీరు నల్లచుక్క పెట్టేవాళ్ళు, శుభ్రం శుభ్రమని నేను తుడిచేసేదాన్ని, నేను అటు తిరగ్గానే మళ్ళీ పెట్టేవాళ్ళు. ఇన్నేళ్ళూ తుడిచింది చాల్లే. వీటిని ఉండనియ్యి."

ఆమె ఆ పుస్తకమును పొత్తిళ్లలోని శిశువునువలె మోచేతి వంపున నిడుకొని సూరాయమ్మ చేయి పట్టుకొని సావడి మెట్లు దిగెను. హైమావతి వారి వెనుక నిలిచి చూచుచుండెను. వేదికపై కట్టిన అభినందనపు గుడ్డ ఎడమవైపు నాలుగు వ్రేళ్లు క్రిందికి జారి యున్నది. ఆమె దానిని సభ మొదలైనప్పటి నుండియు గమనించుచునే యున్నది. ఆనాడు మాత్ర మామె దానిని సరిచేయుటకు బోలేదు.

క్రమము దప్పక మరల మరల వచ్చు దోషము దాగుకొనునది గాదు. దాని యడుగుల యెడమును గొలిచినవారికి అది తన యింటి త్రోవను తానే చూపును. అట్లు వెదకికొనుచు బోయి తలుపు దెఱచి చూచినచో లోపల నొకప్పుడు ఎవరి చేతి ప్రేమయో గంధమును గుంకుమమును బట్టుకొని పీటపై గూర్చుండి యుండును. అట్టిదానిని మెత్తని గుడ్డతో తుడువవలెను గాని గోటితో గీకరాదు.